నాలుగో నీనా

జీతం కాగితం మీద ఆమెకో పేరుంది. రేడియో స్టేషన్‌లో ఆ పేరు ఇంకెక్కడా వినబడదు. అందరికీ ఆమె కార్డులమ్మ. ముప్ఫై ఎనిమిదేళ్లుగా టేపుల లైబ్రరీ ఆమె చేతిలోనే ఉంది. మెట్లు దిగి ఎడమకి తిరిగితే పొడుగాటి గది, గోడల నిండా ఇనుప అరలు, అరల నిండా అట్టపెట్టెల్లో టేపుచుట్టలు, పాత టేపులకుండే ఒకరకం పులిసిన వాసన. గుమ్మం పక్కన చెక్క సొరుగుల బీరువా. సొరుగుల్లో కార్డులు. టేపులో ఎవరి సంగతి ఉంటే వాళ్ల పేరుతో ఒక కార్డు, కార్డు మీద టేపు నంబరు. పై అంతస్తుకి కంప్యూటర్లు వచ్చి చాలాకాలమైంది గానీ, మెట్లు దిగి కిందికి రావడానికి వాటికింకా తీరిక చిక్కలేదు.

అందుకు ఆమెకేం దిగులు లేదు. పైపెచ్చు కాస్త గర్వం. ఫలానాది కావాలని ఎవరైనా అడిగితే, వాళ్ల మాట పూర్తయ్యేలోపే సొరుగు లాగేది. "నా సొరుగుల్లో ఏదీ పోదు" అనేది. మనిషన్నాక ఇలాంటి మాటలు అనకుండా ఉండటం మంచిది. కానీ ముప్ఫై ఎనిమిదేళ్లు ఒకే గదిలో పనిచేసినవాళ్లకి ఆ మాత్రం గొప్ప చెప్పుకునే హక్కు లేదంటే ఎలా?

ఒక సోమవారం పొద్దున్నే ప్రొడ్యూసరు దిగబడ్డాడు. అతన్ని అందరూ హడావుడి అంటారు. నలభై ఐదేళ్లొచ్చినా మెట్లు రెండేసి చొప్పున దిగడం మానలేదు.

"అక్కయ్యా, నీనా అన్న పేరు మీద ఏమున్నాయో అన్నీ తీసిపెట్టు. ఆదివారం అరగంట ఖాళీ పడింది."

"ఏ నీనా?"

"అదే కదా తమాషా! ఏ నీనా అయినా సరే. రెండక్షరాల పేరు. నాటకాల్లో ఉంది, పరుగుపందేల్లో ఉంది, ముసలమ్మలు చెప్పే కథల్లో ఉంది. ఒకే పేరు ఇంతమందికి ఎలా పట్టుకుందో చెప్తే, వినేవాళ్లకి సరదాగా ఉండదూ?"

"నీకు తోచక చచ్చినప్పుడల్లా నా ప్రాణానికి వస్తావు" అంటూనే ఆమె సొరుగు లాగింది. నీనా కార్డు మీద నాలుగు గీతల్లో నాలుగు నంబర్లు. మూడు నల్ల సిరాలో ఉన్నాయి. నాలుగోదాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టివేత, పక్కన పొడి సంతకం. సంతకం చూడగానే ఆమె వేలు అక్కడ ఒక్క క్షణం ఆగింది.

"నాలుగోది కొట్టేసి ఉందేంటి?" అన్నాడు హడావుడి భుజం మీంచి తొంగిచూస్తూ.

"ఎప్పటిదో పాతది. చెరిపేశారు."

చెరిపేశారు, అంది. ఎవరని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మూడు టేపులూ మిషన్ మీద పెట్టి ఇద్దరూ విన్నారు. మొదటి నీనా నాటకాల కంపెనీలో హాస్యపాత్రలు వేసి, పాటలు పాడి జనాన్ని నవ్వించిన మనిషి. పేరు ఎలా వచ్చిందో ఆవిడే చెప్పింది. "పోస్టరు చిన్నది, అక్షరాలు పెద్దవి కావాలన్నాడు మా కంపెనీ ఆయన. నా అసలు పేరు రాయాలంటే పక్కింటి గోడ కూడా అడగాలట. మా అమ్మమ్మ కథల్లో నీనా ఉండేది, ఆ పేరే పెట్టేసుకున్నా." హడావుడి తొడ చరిచి నవ్వాడు.

రెండో టేపు పరుగుపందెం వ్యాఖ్యానం. నలభై మూడేళ్ల కిందటిది. వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. "చివరి చుట్టు! నీనా ముందుంది! వెనక్కి చూడటం లేదు నీనా! కథలో పిల్ల పేరు ఊరికే పెట్టలేదు ఈమె గురువు!" ఆ తర్వాత అతని మాటలు కూడా వినబడలేదు. మైదానం మొత్తం ఒకటే పేరు. నీనా, నీనా, నీనా.

మూడోదాంట్లో పురుళ్లు పోసే ఒక ముసలావిడ ఆ కథే చెప్తోంది. వానకి ఊళ్లో పొయ్యిలన్నీ ఆరిపోతే, కొండ అవతలినుంచి నిప్పు తేవడానికి నీనా అనే పిల్ల పరుగెత్తిందట. ఎవరు పిలిచినా వెనక్కి తిరక్కూడదని షరతు. మొత్తానికి తిరక్కుండా తెచ్చిందట. ముసలావిడ కథ ముగించి "మళ్లీ చెప్పమనకండర్రా, నాకు పనుంది" అని లేచిపోయిన చప్పుడు కూడా టేపులో ఉంది.

ఆదివారం కార్యక్రమం బాగా పేలింది. చివర్లో హడావుడి ఊరుకోక, మీకు తెలిసిన నీనాలు ఇంకెవరైనా ఉంటే మాకు చెప్పండి అని కూడా అన్నాడు. బుధవారానికి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. ఒకాయన తన గుర్రం పేరు నీనా అని రాశాడు. ఇంకొకావిడ పెళ్లికి ముందు తన భర్త ఒక నీనా గురించి తెగ చెప్పేవాడనీ, ఆవిడ అడ్రసు మీ దగ్గర ఉంటే పంపమనీ రాసింది.

ఉత్తరం రాయకుండా నేరుగా వచ్చినామె ఒక్కతే. అదే రోజు మధ్యాహ్నం భోజనాల వేళ, బస్సు డ్రైవరు యూనిఫాంలో, టోపీ చేత్తో పట్టుకుని లైబ్రరీ గుమ్మంలో నిలబడింది. నలభై రెండేళ్లుంటాయి. కండ తిరిగిన చేతులు, ఎండకి నల్లబడ్డ ముఖం.

"పైన అడిగితే కిందికెళ్లమన్నారండీ. మొన్న ఆదివారం మీ ప్రోగ్రాంలో పరుగుపందెం వేశారు చూడండి, అందులో నీనా మా అమ్మ."

కార్డులమ్మ కుర్చీ జరిపి కూర్చోమంది. ఆమె కూర్చోలేదు.

"నాకు పట్టుమని పది నెలలు కూడా లేనప్పుడు పోయింది. జ్వరం అన్నారు, మూడు రోజుల్లో అయిపోయిందంట. ఇంట్లో ఫొటోలున్నాయి, కప్పులున్నాయి. అమ్మ మాట ఎలా ఉండేదో మాత్రం నాకు తెలీదు. మా నాన్న ఒక్క విషయం చెప్పేవాడు. పందెం గెలిచిన మరుసటేడు రేడియోవాళ్లు పిలిచి అరగంట మాట్లాడించారని. మొన్న ప్రోగ్రాం వేస్తుంటే బస్సు షెడ్డులో చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని నించున్నా. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకున్నా. జనం అరుపులే వచ్చాయి. అంతా అమ్మ పేరే అరుస్తున్నారు. అమ్మ మాత్రం మాట్లాడలేదు." టోపీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఆ అరగంటది మీ దగ్గర ఉందాండీ?"

నా సొరుగుల్లో ఏదీ పోదు అనే మనిషి సొరుగు మీద చెయ్యి వెయ్యలేదు. "వెతకాలి" అంది. "శుక్రవారం రండమ్మా. చూసి చెప్తాను."

డ్రైవరు ఆమె రెండు చేతులూ పట్టుకుని "మీకు పుణ్యముంటుందండీ" అంది. ఆ చేతుల్లో తన చేతులు ఉన్నంతసేపూ కార్డులమ్మకి ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టే ఉంది.

ఆమె వెళ్లాక సొరుగు లాగింది. ఎర్రగీత పక్కన సంతకం ఎవరిదో కొత్తగా తెలుసుకోవాల్సింది ఏముంది? తనదే. మొదటిరోజే చూసింది. చూసి పక్కన పెట్టింది.

అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. కొత్త టేపులు దొరక్క స్టేషన్ అల్లాడుతున్న రోజులు. ఒక పేరు మీద మూడు టేపులకి మించి ఉంచొద్దు, మిగతావి మళ్లీ వాడుకోవాలి అని పైనుంచి ఆర్డరు వచ్చింది. మిగతావాళ్లు నానుస్తూ కూర్చుంటే ఆమె ఒక్కతే నెల్లాళ్లలో సొరుగులన్నీ జల్లెడ పట్టింది. స్టేషన్ పెద్దాయన అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. నీనా పేరు మీద నాలుగు టేపులు తేలాయి. పాటలది ఒకటి ఉంచింది, కథ ఒకటి ఉంచింది. పరుగుది రెండున్నాయి. ఒకటి వ్యాఖ్యానం, ఒకటి ఇంటర్వ్యూ. ఆటలకి ఒకటి చాలు కదా అనుకుంది. రెండూ అర నిమిషం చొప్పున విన్నట్టు గుర్తు. వ్యాఖ్యానంలో ఊపుంది, జనం ఉన్నారు. ఇంటర్వ్యూలో ఎవరో అమ్మాయి నింపాదిగా, మధ్యమధ్యలో ఆలోచించుకుంటూ మాట్లాడుతోంది. ఊపున్నదాన్ని ఉంచి రెండోదాని మీద గీత కొట్టింది. ఆ గొంతు ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత గింజుకున్నా గుర్తురాలేదు. నాలుగు టేపులూ ఒక పేరువే అని చూసింది తప్ప, ఆ పేరు వెనక ఉన్నది వేరువేరు మనుషులని, అందులో ఒకామె ఇక మాట్లాడదని ఆమెకి తట్టనే లేదు. తెలుసుకోవాలంటే పైకెళ్లి ఒక్కమాట అడిగితే సరిపోయేది.

విషయం విని హడావుడి మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు. "తేమకి పాడైపోయిందని చెప్పెయ్ అక్కయ్యా. ఎన్ని టేపులు అలా పోలేదు? ఆవిడకీ బాధ తగ్గుతుంది, నీకూ మాట రాదు."

"నాకు మాట రాదు, అంతేగా" అంది.

అన్నదే గానీ ఆ రాత్రంతా ఆ సలహా ఆమె పక్కలోనే పడుకుంది. పొద్దున లేచేసరికి దాదాపు ఒప్పుకుంది కూడా. అబద్ధం ఆడితే ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క కార్డునీ చించేస్తే సరి. సొరుగు ముందు నిలబడి ఆ కార్డుని బయటికి తీసింది కూడా. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్క కార్డు చించలేదు. చేతులు రాలేదు. చించలేకపోవడం మంచితనమో, వట్టి అలవాటో ఆమెకే తేలలేదు.

చించలేనప్పుడు చదవడమే మిగిలింది. నీనా ఇంటర్వ్యూ, టేపు నంబరు పదకొండు వందల నలభై ఏడు, నిడివి ఇరవై ఏడు నిమిషాల నలభై సెకన్లు. ఆ నలభై సెకన్ల దగ్గర ఆమె కళ్లు నిలిచిపోయాయి. ఆ రోజుల్లో టేపుల్ని పూర్తిగా చెరిపే మిషన్ పాడైపోయి మూలపడి ఉంది. అందుకని పాతదాని మీదే కొత్తది రికార్డు చేసేవాళ్లు. కొత్తది ఎంతదాకా వెళ్తే పాతది అంతదాకానే చెరుగుతుంది.

టేపుల రిజిస్టరు దించి దుమ్ము దులిపింది. పదకొండు వందల నలభై ఏడు మీద మొదట పళ్ల డాక్టరు ప్రసంగం, ఇరవై ఒక్క నిమిషాలు. దానిమీద చదరంగం పాఠం, పద్దెనిమిది. దానిమీద బడిపిల్లల బృందగానం, ఇరవై ఏడు నిమిషాలు. ఆ తర్వాత ఏమీ లేదు. పిల్లల పాటతోనే టేపు అరలోకి వెళ్లిపోయింది.

అంటే చివర నలభై సెకన్లు మిగలొచ్చు. పాట అవగానే మిషన్ ఆపేసి ఉంటే. ఆపకుండా ఊరికే తిరగనిచ్చి ఉంటే అదీ లేదు. నిచ్చెన ఎక్కి, పైవరస అర వెనకనుంచి పెట్టె తీసింది. వినేద్దామని మిషన్ దాకా తీసుకెళ్లింది కూడా. పెట్టె మూత తీసి, మళ్లీ మూసేసింది. ఉంటే మొదట వినాల్సింది తను కాదు. లేకపోతే ఆ సంగతి కూడా ఆమె ముందే తేలాలి.

శుక్రవారం డ్రైవరు యూనిఫాంలో రాలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. కన్నతల్లిని చూడటానికి వచ్చినట్టుగా తయారై వచ్చిందని కార్డులమ్మకి అర్థమైంది.

"దొరికిందాండీ?"

"ముందు మీరు కూర్చోండి. కూర్చుంటే గానీ చెప్పలేను."

డ్రైవరు కూర్చుంది. కార్డులమ్మ కార్డు తీసి ఆమె ముందు బల్లమీద పెట్టింది.

"ఈ నాలుగోది మీ అమ్మగారిది. ఇరవై ఏడు నిమిషాల నలభై సెకన్లు మాట్లాడారు. దాన్ని చెరిపించింది నేను. ఈ సంతకం నాదే. అప్పట్లో పేరుకి మూడే ఉంచమన్నారు. మీ అమ్మగారివి రెండున్నాయని, జనం అరిచేది ఉంచి, ఆవిడ మాట్లాడింది తీసేశాను. ఎవరో బలవంతం చేసి ఇదే తీసెయ్యమనలేదు. ఎంచింది నేనే."

డ్రైవరు ఎర్రగీత మీద వేలు పెట్టింది. "అంటే, మీ చేత్తో?"

"నా చేత్తోనే."

"మొన్న నేను మీ చేతులు పట్టుకున్నప్పుడు తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసి శుక్రవారం రమ్మన్నారా!" డ్రైవరు లేచి నిలబడింది. గొంతు పైకి లేచింది. "రెండు రోజులండీ! రెండు రోజులు బస్సు నడుపుతూ ఏమనుకున్నానో తెలుసా మీకు? గొంతు సన్నగా ఉంటుందా, బొంగురుగా ఉంటుందా, నాలాగే వేగంగా మాట్లాడుతుందా అని... స్టాపులు కూడా దాటేసి తిట్లు తిన్నా. మూడే ఉంచాలంటే ఆ నవ్వించేదాన్ని తీసెయ్యలేకపోయారా? ఆ ముసల్దాని కథ ఏ ఇంట్లో అడిగినా చెప్తారు కదా! మా అమ్మ మాట ఎక్కడ అడగాలి నేను?"

క్షమించమంటే ఎదుటి మనిషి మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందని కార్డులమ్మ ఆ మాట అనలేదు. డ్రైవరు మళ్లీ కుర్చీలో కూర్చుని, ముఖం రెండు చేతుల్లో కప్పుకుని, చంటిపిల్లలాగా వెక్కివెక్కి ఏడ్చింది. ఆపమని చెప్పే యోగ్యత తనకి లేదని కార్డులమ్మకి తెలుసు. మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, దూరంగా నిలబడింది.

వెక్కిళ్లు కాస్త తగ్గాక, మెల్లగా నలభై సెకన్ల సంగతి చెప్పింది. ఉండొచ్చు, ఉండకపోవచ్చు, తను వినలేదు అంది. వినకుండా వెళ్లిపోతానన్నా తప్పులేదంది.

"పెట్టండి" అంది డ్రైవరు తలెత్తకుండానే.

టేపు మిషన్‌కి ఎక్కించి, ముందుకి తిప్పి, పిల్లల పాట చివరి చరణం దగ్గర ఆపింది. వదిలింది. ముప్ఫై ఆరేళ్ల కిందటి బడిపిల్లలు, ఇప్పుడు ఎవరెక్కడున్నారో, గొంతులు కలిపి పాడుతున్నారు. పాట అయింది. చప్పట్లు. చప్పట్లు ఆగాక బుసమనే శబ్దం. ఒక సెకను. రెండు. మూడు. ఇంతే, తిరగనిచ్చేశారు, ఏమీ మిగల్లేదు అనుకుంది కార్డులమ్మ.

టక్కుమని చిన్న శబ్దం. ఆ వెంటనే ఒక మగగొంతు, మాట మధ్యలోంచి: "...తీరిక చేసుకుని వచ్చినందుకు చాలా సంతోషమండీ."

"అయిపోయిందా?" ఆడగొంతు. కొంచెం బొంగురు. నింపాదిగా ఉంది. "ఇంకా తిరుగుతున్నట్టుందే అది?"

"తిరగనివ్వండి, ఫరవాలేదు."

డ్రైవరు కుర్చీ అంచుకి వచ్చేసింది. టేపులో తలుపు తెరుచుకున్న చప్పుడు, దూరంనుంచి చంటిపిల్ల ఏడుపు, ఏడుపు దగ్గరైంది. ఇంకెవరో ఆడమనిషి "ఇక నావల్ల కావడం లేదమ్మా, నువ్వే కావాలంటోంది" అంది. మగగొంతు నవ్వింది. కుర్చీ జరిగింది. ఆ తర్వాత బొంగురుగొంతు మైకుకి బాగా దగ్గరగా, ఇందాకటి నింపాదితనం మాయమై, గారంగా:

"ఇదిగో, అమ్మ వచ్చేసింది, వచ్చేసింది. ఎక్కడికీ పోలేదు. అబ్బో, ఎన్ని కన్నీళ్లో! ఎవరే నా తల్లిని ఏడిపించింది? ఊఁ? చెప్పు, అమ్మకి చెప్పు. ఎవరు ఏడిపించారు?"

కార్డులమ్మ గోడకి ఆనుకుపోయింది. డ్రైవరు తడి చెంపలతో, మిషన్ మీదికి వంగి, గుండ్రంగా తిరుగుతున్న ఆ టేపుకి జవాబు చెప్పింది.

"ఎవరూ ఏడిపించలేదమ్మా" అంది. "ఎవరూ ఏడిపించలేదు."